ఊపిరి ఉంటేనే చలువ

2079 మే నెల. రెంటచింతలలో మధ్యాహ్నం యాభై మూడు డిగ్రీలు. ఎండకు పేరుమోసిన ఆ ఊరు ఇన్నేళ్లయినా పేరు పోగొట్టుకోలేదు. అయినా బజారులో ఆపి ఉన్న కార్లన్నీ లోపల చల్లగానే ఉన్నాయి. వాటిని తనిఖీ చేయడానికి, ఆ చల్లదనాన్ని కనిపెట్టిన డాక్టర్ అపరంజే స్వయంగా వచ్చింది.

ఆమె ‘నిలుపు చలువ’ సంగతి తేలికే. కప్పు మీది సౌరపొర ఎండను కరెంటుగా మార్చి, ఆపిన కారులోనూ ఏసీ నడుపుతుంది. ఖాళీ కారును చల్లబరచడం దండగ కనుక, లోపల ఊపిరి ఉందని సెన్సర్ పసిగడితేనే ఆడుతుంది. కార్లలో మరిచిపోయిన పసిబిడ్డలు ఎందరో దానివల్ల బతికారు.

ఈ ఊళ్లో మాత్రం ఏసీలు పూటంతా ఆడుతున్నాయి. జనం సెన్సర్‌ను ఏమారుస్తున్నారని కంపెనీ అనుమానం. అందుకే కారు యజమాని కుటుంబంవాళ్ల ఊపిరికి మాత్రమే పనిచేసే కొత్త ప్రోగ్రాం సిద్ధం చేసింది. అపరంజి సరేనంటే ఆ సాయంత్రమే దేశంలోని కార్లన్నిటికీ పంపేస్తుంది.

మొదటి కారులోకి తొంగి చూసింది. వీధులూడ్చే సలోమి చీపురు కాళ్ల దగ్గర పెట్టుకుని కునుకు తీస్తోంది. పక్క కారులో మిరప బస్తాలు మోసే మనిషి, ఆ పక్కదానిలో పూలమ్మే ముసలామె. అపరంజి మొదటి కారు అద్దం తట్టి, ఇదెవరి కారని సలోమిని అడిగింది.

“బట్టల కొట్టు షావుకారుదండి. ఆయనొచ్చేతలికి సీటు సల్లగుండాలంట. లోపల మనిసుంటేనే గదా ఆడేది, అందుకని నన్ను కూకోమన్నాడు,” అంది సలోమి. “నిరుడు ఎండకి మాలో ఇద్దరు పోయారమ్మా. ఈ యేడు ఒక్కళ్లూ పోలా. ఇది కనిపెట్టినోళ్లెవరో గానీ వాళ్ల కడుపు సల్లగుండ.”

ఇంతలో షావుకారు వచ్చాడు. సీటు చల్లగా తగలగానే సలోమికి మనసారా థాంక్స్ చెప్పాడు. సలోమి ఆయనకు దండం పెట్టింది. దానం చేయమంటే నూటొక్క వంకలు చెప్పే పెద్దమనిషే, తన వీపు కాలకూడదని రోజూ ఒక ప్రాణం కాపాడుతున్నాడు. ఇన్నేళ్ల చదువులో తనకు తట్టని ఉపాయం ఈ ఊరికి తట్టినందుకు అపరంజి లోలోపలే నమస్కరించుకుంది.

సెన్సర్‌ను ఎవరూ ఏమార్చడం లేదనీ, కొత్త ప్రోగ్రాం పంపవద్దనీ కంపెనీకి అక్కడే కబురు పెట్టింది. తర్వాత సలోమి వైపు తిరిగింది.

“నా సీటు కూడా కాలిపోతోందమ్మా. కాఫీ తాగి పది నిమిషాల్లో వస్తా, కాసేపు కూర్చుంటావా?”

సలోమి సంతోషంగా కూర్చుంది. పది నిమిషాలని వెళ్లిన అపరంజి పొద్దు వాలేదాకా తిరిగి రాలేదు.