కొళాయి తిప్పిన పిల్ల

పొద్దున్నే పిల్లకి జడ వేస్తూ ఆమె చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కుంది. మొన్నటి దెబ్బ ఇంకా నల్లగానే ఉంది.

బట్టలు కుట్టే కంపెనీలో ఆమె గుండీలు కుడుతుంది. పక్క మిషన్ మీద కాజాలు తీసే ఆవిడది వేరే దేశం, వేరే భాష. అందరూ కాజాలక్క అంటారు. నిన్న ఆ మచ్చ చూసి ఏమిటని అడిగితే, తలుపు తగిలిందని చెప్పింది ఈమె.

"మా భాషలో కూడా తలుపే తగులుతుంది చెల్లీ," అంది కాజాలక్క, వచ్చీరాని మాటల్లో. చెవి వెనక కుట్ల గీత చూపించింది. పదకొండేళ్లు మొగుడి దెబ్బలు పడిందట. నా గదిలో ఇంకో మంచం పడుతుంది, పిల్లని తీసుకుని వచ్చెయ్యి అంది.

వెళ్లాలని లేక కాదు. నువ్వు పోతే పో, పిల్లని మాత్రం గడప దాటనివ్వనని అత్తగారు ఏనాడో తేల్చి చెప్పేసింది. పిల్లని వదిలి ఎక్కడికని పోతుంది?

ఇంతలో కాజాలక్క డ్యూటీకి పిలవడానికి ఇంటికే వచ్చింది. గుమ్మంలో ఆవిడని చూడగానే భర్తకి చిర్రెత్తుకొచ్చింది. ఇంటి గుట్టు ఊరంతా చాటుతున్నావా అంటూ భార్య మీద చెయ్యెత్తాడు.

పిల్ల సగం జడతోనే లేచి, బాత్రూంలోకి పరిగెత్తి కొళాయి మొత్తం తిప్పేసింది. ఖాళీ బకెట్లో నీళ్లు హోరుమన్నాయి.

కొడుకు చెయ్యెత్తినప్పుడల్లా అత్తగారు చేసే పనే అది, పక్కవాళ్లకి వినబడకుండా. ఆవిడ దెబ్బలు తినే రోజుల్లో ఆవిడ అత్తగారూ అలాగే తిప్పేదట.

"నువ్వెందుకే తిప్పావు?" అడిగింది అత్తగారు.

"నీకు మోకాళ్ల నొప్పి కదా నానమ్మా. ఇంక నేను తిప్పుతాలే."

ఆవిడ గోడ పట్టుకుంటూ వెళ్లి కొళాయి కట్టేసింది. కొడుక్కి ఎదురుగా వచ్చి నిలబడింది.

"దించరా. అచ్చం మీ నాన్న చెయ్యే."

అతను దించాడు. ఎవరి మొహమూ చూడలేక మంచం మీద కూలబడ్డాడు. అత్తగారు పిల్ల చెయ్యి తీసుకొచ్చి కోడలి చేతిలో పెట్టింది. తీసుకెళ్లమంది. ఇన్నాళ్లూ తన బుద్ధి గడ్డి తిందంది.

"మీరూ రండి అత్తయ్యా."

"నేను రాను. వీడితో మాట్లాడాలి. చిన్నప్పుడే చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."

కోడలు గడప దాటింది. కాజాలక్క పిల్లని ఎత్తుకుంది. ముగ్గురూ వీధి మలుపు తిరిగేదాకా అత్తగారు గుమ్మంలోనే నిలబడింది. వాళ్లు కనబడకుండా పోయాక, అందరికీ వినబడేలా ఏడ్చింది.