మంగళ, శనివారాల ఛార్జింగ్

శనివారం ఉదయం ఏడు గంటలకు చిన్ని వంటింటి కిటికీలోంచి కిందికి తొంగిచూసింది. భర్త బకెట్టు పక్కన పెట్టుకుని కారు కడుగుతున్నాడు. పెళ్లయి పదిహేడేళ్లయినా ఆ మనిషి కాఫీ తాగిన గ్లాసు కడిగిన దాఖలా లేదు. అలాంటిది కారు టైర్ల సందుల్లో పాత టూత్‌బ్రష్ పెట్టి మరీ తోముతున్నాడు.

చిన్ని అసలు పేరు వేరే. అమ్మ పెట్టిన ముద్దుపేరే నలభై ఒక్కేళ్లు వచ్చినా వదల్లేదు. ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్లోవాళ్ల లిఫ్టులన్నీ బాగుచేసే ఆయన కాపురముండేది మాత్రం లిఫ్టు లేని ఇంటి మూడో అంతస్తులో. ఈ సంగతి చెప్పి నవ్వని చుట్టం లేడు.

ఆ కారు కూడా వాళ్ల సొంతం కాదు. కరెంటుతో నడిచే ఆ కారును లిఫ్టు కంపెనీ ఆయనకు మూడేళ్ల లీజుకు ఇప్పించింది. ఈ నెలాఖరుకు గడువు అయిపోతుంది. మిగిలిన ధర కట్టి సొంతం చేసుకుంటారో, తాళాలు అప్పగిస్తారో సోమవారంలోగా చెప్పాలి.

భర్త పైకి వచ్చి చేతులు తుడుచుకుంటుంటే చిన్ని కాఫీ గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టింది.

"ఇచ్చేసే కారుకి అంత సింగారం ఎందుకండీ?"

"లీజు వాళ్ల మనిషి పదింటికి చెకింగ్‌కి వస్తాడు. అయినా ఇచ్చేస్తున్నామని ఎవరన్నారు?"

"నేనన్నాను. రాత్రి అంతా మాట్లాడుకున్నాం కదా. ఆ డబ్బు లిఫ్టున్న ఫ్లాటుకి అడ్వాన్సు ఇచ్చేద్దాం. అమ్మ మనింటికి వచ్చేస్తుంది."

"నువ్వు మాట్లాడావు, నేను విన్నాను. దాన్ని మాట్లాడుకోవడం అనరు. ఈ కారు మనకి కావాలి చిన్నీ."

"మనకా, మీకా?"

ఆయన కాఫీలో తలదూర్చేశాడు. జవాబు చెప్పలేనప్పుడల్లా ఆయన చేసే పని అదే.

చిన్ని గుండెలో మూడేళ్ల నాటి ముల్లు ఒకటి ఉంది. అమ్మ మోకాలి ఆపరేషన్ అయినప్పుడు చిన్ని ఒక గదికి రంగులు వేయించింది. కొత్త మంచం కొన్నది. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీలు బిగించమంటే భర్త సెలవు పెట్టి బిగించాడు. తీరా ఆసుపత్రి నుంచి బయల్దేరే రోజు అమ్మ అందరి ముందూ "నేను పెద్దదానింటికి వెళ్తాను" అనేసింది. ఎందుకో చెప్పలేదు. చిన్ని అడగలేదు. ఆనాటి నుంచి ఆమె అక్క ఇంటికి నెలకొకసారి వెళ్లడం, చుట్టపుచూపుగా పదిహేను నిమిషాలు కూర్చుని రావడం అలవాటు చేసుకుంది. క్రితంసారి వెళ్లినప్పుడు అమ్మ ముఖాన కొత్త కళ్లజోడు కనిపించింది. ఏదో వీధిచివర షాపులో అక్క చేయించిందట. చెల్లెలు రోజూ పదిమందికి కళ్లజోళ్లు బిగిస్తుంటే, కన్నతల్లికి వీధిచివర షాపు!

అది చాలదన్నట్టు ఇప్పుడు భర్త కూడా అక్క ఇంటి మనిషైపోయాడు. వీళ్లుండే చోట కారుకు ఛార్జింగ్ పెట్టే వీలు లేదు. తన కంపెనీ డిపోలో ఛార్జర్ల దగ్గర ఎప్పుడు చూసినా క్యూ ఉంటుందని ఆయన మొదట్లోనే చెప్పాడు. అక్క ఇంటి షెడ్డులో ఛార్జర్ ఉంది. కారు కొంటానని ముందు ఛార్జర్ బిగించి, తర్వాత కారు సంగతే మర్చిపోయిన మహానుభావుడు బావ. అందుకని ప్రతి మంగళవారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం ఈయన కారు తీసుకుని అక్కడికి వెళ్తాడు. మూడు గంటలు అక్కడే ఉంటాడు. తిరిగొచ్చేటప్పుడు ఈలవేస్తూ మెట్లెక్కుతాడు. చిన్ని కారెక్కితే ముందుసీటు ఎవరో పొట్టివాళ్లు కూర్చున్నట్టు బాగా ముందుకు జరిపి ఉంటుంది. అక్క పొట్టిది. తను షాపులో నిలబడి కాళ్లు పీక్కుపోతుంటే అక్క తన మొగుడి పక్కన కూర్చుని షికార్లు చేస్తోందన్నమాట.

అమ్మను తీసుకుంది. ఈయన్నీ తీసుకుంటోంది. ఈ కారు పోతే ఆ మూడు గంటలూ పోతాయి. చిన్ని ఫ్లాటు లెక్కల్లో పైకి చెప్పని లెక్క ఇదే.

పదికి ఐదు నిమిషాలుందనగా భర్త ఫోను మోగింది. ఏదో ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది, లోపల నలుగురున్నారు. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూనే, "ఆ మనిషొస్తే తాళాలిచ్చి పక్కన నిలబడు చాలు, ఏమీ మాట్లాడకు" అని చెప్పి కంపెనీ వ్యానెక్కి వెళ్లిపోయాడు. ఏమీ మాట్లాడకు అంటే చిన్ని మాట్లాడకుండా ఎలా ఉంటుంది?

లీజు మనిషి బక్కగా, మర్యాదగా ఉన్నాడు. కారు చుట్టూ తిరిగి గీతలు వెతికాడు. తర్వాత లోపల కూర్చుని తన ట్యాబ్‌ను కారుకు తగిలించి బుర్ర ఊపాడు.

"బ్యాటరీ చాలా బాగుందమ్మా. నిదానంగా ఛార్జ్ చేస్తూ వచ్చారు కదా, అందుకే. ఈ ధరకి ఇలాంటి బండి దొరకదు. నన్నడిగితే కొనేసుకోండి."

"మా ఆయన డిపోలో పెట్టే వీలుంటే ఇంకా బాగుండేది. అక్కడ ఎప్పుడూ క్యూ అట."

అతను ట్యాబ్ లోంచి తల ఎత్తాడు. "క్యూ ఏంటమ్మా! అక్కడ ఆరు ఛార్జర్లున్నాయి. మీ వాళ్లకి ఫ్రీ కూడా. నేను వెళ్లినప్పుడల్లా నాలుగు ఖాళీగానే ఉంటాయి. ఈ రికార్డు చూస్తే మీ బండి మాత్రం అక్కడ ఒక్కసారి కూడా పెట్టినట్టు లేదు. అన్నీ మంగళవారం, శనివారం, ఒకే చోట."

అతను ఇచ్చిన కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టిందో కూడా చిన్నికి గుర్తులేదు.

మధ్యాహ్నం భర్త వచ్చి గబగబా నాలుగు మెతుకులు తిని, "ఛార్జింగ్ పెట్టుకొస్తా" అంటూ తాళాలు తీసుకున్నాడు.

"ఈరోజైనా డిపోలో పెట్టరాదూ?"

"శనివారం అక్కడ జాతరలా ఉంటుంది" అన్నాడాయన, రెప్ప కూడా ఆర్పకుండా.

చిన్ని కిటికీ దగ్గరికి వెళ్లింది. కారు మలుపు తిరిగేదాకా చూసి, చీర కూడా మార్చుకోకుండా బస్సెక్కింది. దారిపొడవునా ఆమె మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉంది. మూడేళ్ల అబద్ధం. వారానికి రెండుసార్లు. పైగా అందరూ కలిసి. తనొక్కతే పరాయిది. అసూయ అంటే ఇంత చేదుగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. దాన్ని కోపమనే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ.

అక్క ఇంటి గేటు తీసే ఉంది. షెడ్డులో కారుకు తీగ తగిలించి ఉంది. ముందుగదిలో అక్క కుట్టుమిషను మీద ఎవరివో కర్టెన్లు సగం కుట్టి వదిలేసి ఉన్నాయి. ఇంట్లో మనుషుల్లేరు. వెనకవైపు నుంచి నవ్వులు వినిపించాయి. అందులో తన భర్త గొంతుంది.

చిన్ని ఒక్క ఉదుటున పెరట్లోకి వెళ్లింది.

మేడ మెట్ల మీద అమ్మ ఉంది. ఒక చేత్తో గోడ పట్టుకుంది. రెండో చెయ్యి అల్లుడి భుజం మీద వేసింది. అక్క వెనక మెట్టు మీద నిలబడి, పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి ఉంది.

"ఇరవై ఎనిమిది... అంతే అత్తయ్యా, ఆ కాలు ముందు... ఇరవై తొమ్మిది! కిందటి మంగళవారం కంటే రెండు ఎక్కువ!"

అప్పుడే అక్క తల తిప్పింది. "చిన్నీ!"

అమ్మ చప్పున మెట్టు మీదే కూలబడిపోయింది. దొంగతనం చేస్తూ దొరికిపోయిన మనిషిలా కొంగు సర్దుకుంది.

కళ్లెదుట ఉన్నదేమిటో చిన్నికి అర్థం కాలేదు. కానీ బస్సులో కూర్చుకున్న మాటలు ఆగలేదు.

"బాగుంది! అందరూ బాగున్నారు! డిపోలో ఆరు ఛార్జర్లు ఖాళీగా ఉంటే మూడేళ్లుగా ఇక్కడికొస్తున్నారా? నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా? అక్కా, అమ్మని నీ దగ్గరే పెట్టుకున్నావు. కళ్లజోడు కూడా నన్ను చేయించనివ్వలేదు. ఇప్పుడు నా మొగుణ్ణి కూడా నీ ఇంటివాణ్ణి చేసుకున్నావు. ఇంకా ఏం మిగిల్చావే నాకు?"

"చిన్నీ, నోరు జారకు" అన్నాడు భర్త.

"మీరు మాట్లాడకండి! అబద్ధాలకోరు!"

అమ్మ చెయ్యి పైకెత్తింది. "ఆయన్నేమీ అనకు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే." ఆమె ఆయాసపడుతూ ఆగింది. "మీ ఇంటికి మెట్లు యాభై నాలుగు. ఈ మేడకి పద్దెనిమిది. మూడుసార్లు ఎక్కితే నీ గుమ్మం. లెక్క కట్టింది అల్లుడే."

చిన్ని కళ్లు ఒక్కో మెట్టునూ లెక్కపెట్టాయి.

"ఆసుపత్రిలో పెద్దదానింటికి వెళ్తానన్నది అందుకేనే. నీ మెట్లు ఎక్కలేనని చెబితే నువ్వు మర్నాడే ఇల్లు మార్చేస్తావు, అప్పు చేస్తావు. నీ సంగతి నాకు తెలీదా? నా కాళ్లతో నేనే ఎక్కొచ్చి తలుపు కొడదామనుకున్నా. మొదటి ఏడాది రెండు మెట్లకే చెమటలు. ఇంతలో రెండో మోకాలు పాడై మళ్లీ మొదటికొచ్చింది. ఎక్కలేకపోతే నీకు ముఖం ఎలా చూపించను? అందుకే చెప్పలేదు."

భర్త మెల్లగా అందుకున్నాడు. "ఎక్కడం అయ్యాక వీధిచివరిదాకా కార్లో తిప్పుతా. ఆవిడకి గాలి తగులుతుంది. ముందుసీటు కాస్త ముందుకు జరిపితే ఆ ఎత్తు ఆవిడ మోకాళ్లకి సరిగ్గా సరిపోయింది చిన్నీ. వేరే ఏ బండిలోనైనా ఇద్దరం పట్టి ఎక్కించాలి. ఇందులో ఆవిడే కూర్చుంటుంది, ఆవిడే దిగుతుంది. ఇచ్చేద్దామంటే ఏం చెప్పాలో తోచక కాఫీలో ముఖం పెట్టుకున్నా."

చిన్ని కళ్లు నిండిపోయాయి. కానీ అక్క ముఖం చూసేసరికి ఆ కన్నీళ్లు కూడా ఆగిపోయాయి. అక్క ఏడవడం లేదు. పెదవి బిగబట్టి ఉంది.

"నీ ఏడుపు అయిందా?" అంది అక్క. "ఇప్పుడు నాది విను. మూడేళ్లుగా స్నానం నేనే చేయిస్తున్నా. మాత్రలు నేనే వేస్తున్నా. రాత్రుళ్లు వెన్నులో నొప్పని ఎన్నిసార్లు పిలిచినా లేస్తున్నా. ఆ కళ్లజోడు విరిగితే పరుగెత్తి చేయించా, నీ షాపుదాకా వెళ్లే తీరిక లేక. 'కాస్త నడవమ్మా, మంచిది' అని నేను బతిమాలితే ఈవిడ మంచం దిగదు. మంగళవారం వస్తే మాత్రం మధ్యాహ్నం నుంచే తయారు! ఎందుకో తెలుసా? నీ మెట్లెక్కాలి కాబట్టి. నా ఇంట్లో ఉంటూ నీ ఇంటికి నడుస్తోంది. నాకు కుళ్లుగా ఉండదా? నీకొక్కదానికే ఉందా కడుపుమంట?"

అక్క తను అన్నదానికి తనే సిగ్గుపడినట్టు ముఖం పక్కకు తిప్పుకుంది.

చిన్నప్పటి నుంచీ అక్కకు అన్నీ దక్కాయనే చిన్ని అనుకుంటూ వచ్చింది. అమ్మను పక్కన పెట్టుకుంటే అదో భాగ్యమని, ఆ భాగ్యం అక్క ఎగరేసుకుపోయిందని మూడేళ్లు ఉడికిపోయింది. నెలకోసారి పదిహేను నిమిషాలు కూర్చుని వెళ్లిన తను, ఒక్కసారైనా "అక్కా, నువ్వెలా ఉన్నావ్" అని అడిగిన గుర్తు లేదు. ఇప్పుడు చూస్తే అక్క కళ్ల కింద నల్లగా ఉంది. చేతులు అరిగిపోయి ఉన్నాయి. లిఫ్టున్న ఫ్లాటు అమ్మ కోసం అనుకుంది. నిజానికి అది అక్క మీద గెలవడానికే. ఆ సంగతి తనకు తనే ఒప్పుకునేసరికి చిన్నికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆమె మెట్లెక్కి వెళ్లి అక్క చెయ్యి పట్టుకుంది. అక్క విదిలించుకోబోయింది. చిన్ని వదల్లేదు.

"తప్పయిపోయిందక్కా."

"ఇప్పుడు ఆ మాటలెందుకులే."

"ఎందుకు కాదు? నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

పెద్దమనిషిలా అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న అక్క, చెల్లెలి భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి చిన్నికీ ఆగలేదు. అల్లుడు ఎటు చూడాలో తెలియక షెడ్డులో కారు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏవండీ" అంది చిన్ని ముక్కు తుడుచుకుంటూ. "సోమవారం వెళ్లి కారు కొనేయండి. ఫ్లాటు గొడవ ఇప్పుడొద్దు. ఇక నుంచి మంగళవారాలు, శనివారాలు నేనే వస్తా."

"మరి నేనో?"

"మీరు డిపోలో పెట్టుకోండి. ఆరు ఛార్జర్లున్నాయిగా."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన కూడా తల గోక్కుంటూ నవ్వేశాడు.

"అక్కా, లోపలికెళ్లి పడుకో" అంది చిన్ని.

"కర్టెన్లు ఇవ్వాలే. సాయంత్రం వాళ్లొస్తారు."

"అంచులు కుట్టడం నాకూ వచ్చు. వెళ్లు. ఈ పూట అమ్మ నాది."

"ఐదు నిమిషాలే" అని గట్టిగా చెప్పి అక్క లోపలికి వెళ్లింది. ఐదు నిమిషాలు కాదు, అరగంటైనా ఆమె బయటికి రాలేదు. చిన్ని వెళ్లి తొంగిచూసింది. చెప్పులు కూడా విప్పకుండా, మంచానికి అడ్డంగా పడి నిద్రపోతోంది. చిన్ని ఆ చెప్పులు విప్పి, కాళ్లు మంచం మీదికి చేర్చి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

అమ్మ మెట్టు మీద ఎదురుచూస్తోంది. చిన్ని ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి లేవదీసింది. అమ్మ ఇంత తేలికైపోయిందని ఆమెకు తెలియదు.

"ఎక్కడాగావమ్మా?"

"ఇరవై తొమ్మిది."

"సరే, పద. ముప్పై!" అంది చిన్ని ఉత్సాహంగా, భర్త అన్నట్టే గట్టిగా.

అమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరిగి, ఇంట్లోకి ఓ చూపు చూసి, కూతురి నోటి మీద వేలు పెట్టింది.

"మెల్లగా లెక్కపెట్టవే" అంది గుసగుసగా. "పెద్దది పడుకుంది."