తుడిచేసిన ఎర్రచుక్కలు

"దీన్ని విప్పిన మహానుభావుడెవరు?"

ప్రొజెక్టర్ మూత తీసి చూస్తూ అడిగింది రిపేరు షాపు అమ్మాయి.

"మా మావయ్య," అన్నాను. పాపం, మావయ్యకి బల్బు మార్చడం కూడా రాదు.

"ఆరు స్క్రూలు తక్కువున్నాయి. మీ మావయ్యనడిగి తీసుకురండి."

ఆ ఆరూ నా జేబులోనే ఉన్నాయి. తీసి బల్ల మీద పెట్టాను. నవ్వొస్తే ఆమె కింది పెదవి కొరుక్కుని ఆపుకుంటుందని అప్పుడే తెలిసింది. అంతే, నా పని అయిపోయింది.

ప్రొజెక్టర్ తాతయ్యది. పోతూ పోతూ, "వీడైతే జాగ్రత్తగా చూసుకుంటాడు" అని నాకిచ్చాడు. మనుషుల్ని అంచనా వేయడంలో తాతయ్య ఎప్పుడూ వీకే. బామ్మ కోరిక మాత్రం ఒక్కటే. తను తీసిన ఫొటో స్లైడ్లలో తాతయ్యని గోడంత పెద్దగా ఇంకొక్కసారి చూడాలి.

వారంలో ఆమె ఫ్యాను, బెల్టు మార్చి ఇచ్చేసింది. ఇక షాపుకి ఏ వంక పెట్టుకుని వెళ్ళను? అందుకే ఇంట్లో ఎవరూ చూడకముందే ఫ్యూజు పీకేసి పట్టుకెళ్ళాను. తర్వాత వారం బెల్టు జార్చాను. ఆ తర్వాత మళ్ళీ ఫ్యూజు. "పాత మెషీన్ కదండీ!" అని నిట్టూర్చాను కూడా.

ఆ మూడోసారి ఆమె మూత కూడా తియ్యలేదు.

"మీ బామ్మగారు ఫోన్ చేశారు. 'ఇంకెన్నాళ్ళు పడుతుందమ్మా? తొందరేం లేదు, ఊరికే అడిగాను' అన్నారు. ఫ్యూజు దానంతటది నడుచుకుంటూ బయటికి రాదండీ."

సిగ్గుతో చచ్చిపోయాను. "సారీ. మళ్ళీ రావడానికి వేరే దారి తోచలేదు."

"సారీ చెప్పాల్సింది నాక్కాదు. ఆదివారం కొత్త ఫ్యూజుతో నేనే వస్తా. అప్పటిదాకా దీన్ని ముట్టుకోకండి."

ముట్టుకోలేదు. కానీ పోయిన పరువు కాస్తయినా నిలబెట్టుకుందామని స్లైడ్లు శుభ్రం చేశాను. ఒక్కోదాని మూలన ఎర్ర మరక. ఎనభై మరకలూ స్పిరిట్‌తో తుడిచి పారేశాను.

ఆదివారం ఆమె వచ్చి ఫ్యూజు పెట్టింది. కర్టెన్లు వేసి, స్విచ్ నొక్కాం. గోడ మీద తాతయ్య తలకిందులుగా ప్రత్యక్షమయ్యాడు.

"స్లైడ్ల మూలన చుక్కలుండాలే, ఏవి?" అందామె.

"మరకలనుకుని..."

"కుడి బొటనవేలు ఆ చుక్క మీద పెట్టి స్లైడ్ దోపితే బొమ్మ తిన్నగా పడుతుంది. అందుకండీ ఆ చుక్క!"

బామ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "బతికున్నన్నాళ్ళూ నేను తూర్పంటే ఆయన పడమర. ఇప్పుడూ అంతే!" అని కళ్ళు తుడుచుకుంది.

అది చూసి నాకు మనసాగలేదు. "బామ్మా, ఇది ఎప్పుడో బాగైంది. మళ్ళీ మళ్ళీ పాడుచేసింది నేనే. ఈవిడ్ని చూడ్డానికి."

"ముందే చెప్పి చావొచ్చు కదరా! ఈ పిల్లనే ఇంటికి పిలిచేదాన్ని. నిన్ను నమ్ముకుని మీ తాతయ్య మూడు వారాలు డబ్బాలో కూర్చున్నాడు."

ఒక్కో స్లైడూ తిప్పి చూస్తూ మళ్ళీ చుక్కలు పెట్టాం. "కాదమ్మా, ఆయన పుట్టుమచ్చ ఎడమ చెంప మీద" అంటూ బామ్మ కుడిఎడమలు సరిచేసింది. ఎనభయ్యో చుక్క అయ్యాక షాపమ్మాయి నా చెయ్యి లాక్కుని కుడి బొటనవేలి మీద ఇంకోటి పెట్టింది.

"ఇదెందుకు?"

"ఏది ఎటో తెలియనివాళ్ళకి గుర్తు. వచ్చే ఆదివారం షాపుకి రండి. ఏమీ పాడుచెయ్యకుండా, ఉత్త చేతులతో."

జేబులో ఉన్న పాత ఫ్యూజు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఈసారి పెదవి కొరుక్కోలేదు. పకపకా నవ్వేసింది.