వత్తు లేని తోట

“మీ తోట దేని కోసం?” అని అడిగింది వనజ్ఞ.

తోట నేల మీది నివాసాలకా, కక్ష్యకా అని అడుగుతోందనుకుని, “కక్ష కోసం” అన్నాడు నూకరాజు. అనకాపల్లి నుంచి అంగారకుడి కక్ష్యలో తిరిగే మందార నివాసానికి వలస వచ్చేటప్పుడు అతని తాతలు వత్తులు బరువని అక్కడే వదిలేశారు. మూడు తరాలుగా ఆ ఇంట్లో య వత్తు పలికే నోరు లేదు.

“ఎవరి మీద?”

“వేదాద్రి మీద.” నూకరాజుకిచ్చిన మడి సరిగ్గా వేదాద్రి గది కప్పు మీదే ఉంది మరి.

వనజ్ఞ పర్మాకల్చర్ అనే శాశ్వత సాగు నేర్పే బోధనాయంత్రం. భూమి నుంచి నడిచే ఆన్‌లైన్ తరగతిలో ఒక సందేహం తీరడానికి నలభై నిమిషాలు పడుతోందని, పాఠాలన్నీ మింగించి దాన్ని ఇక్కడికే పంపారు. అందులో కొత్త సంగతి ఉద్దేశ రూపకర్త, అంటే ఇంటెంట్ డిజైనర్. తోట ఉద్దేశం ఒక్క మాటలో చెబితే చాలు. మట్టిలోని నానోబాట్లు ఆ ఉద్దేశానికి పనికొచ్చే మొక్కల్నే, ఒకదానికొకటి సాయపడేలా మొలిపిస్తాయి. నూకరాజు దాన్ని పరమకల్చర్ పంతులమ్మ అనేవాడు.

కిందటేడు అతను గీసిన అరటి వలయాన్ని, వాడిన నీళ్లు తాగి గెలలు వేసే అరటిచెట్ల గుంటని, వేదాద్రి తన పేరుతో ముందే దాఖలు చేసి తోటపెద్ద అయ్యాడు. తోటకు ఎరువు కావాలి గానీ, తోటివాడి బుర్రే ఎరువు తెచ్చుకుని తిరిగివ్వకపోతే ఎలా? పైగా ఆ అరటాకులు తుడిచే పని నూకరాజుకే పెట్టాడు. ఈ ఏడు వనజ్ఞ పెట్టే పరీక్షలో ఎవరి తోట నెగ్గితే వాళ్లదే తోటపెద్ద పదవి.

మూడు వారాలకు మడిలో మునగ మీదికి దురదగొండి పాకింది. నేలకు నత్రజని పోసే తీగే, కాదనలేం. కానీ ప్రతి గుత్తీ వేదాద్రి గదికి గాలి వెళ్లే గొట్టం మీదే వేలాడుతోంది.

“మీరు చెప్పిన కక్షకు ఇది సరిపోతుందా, ఇంకా పెంచాలా?” అని అడిగింది వనజ్ఞ.

నూకరాజుకు అప్పుడు వెలిగింది. చెప్పి దిద్దించవచ్చు. వత్తు పోతే పోయింది, పట్టు పోకూడదనుకున్నాడు.

“బాగుంది తల్లీ. నీల్లు కాసింత ఎక్కువ పొయ్యి.”

వేదాద్రి గోక్కున్నాడు. సమావేశాల్లో గోక్కున్నాడు, భోజనాల దగ్గర గోక్కున్నాడు. దురదృష్టం అని అందరికీ చెప్పుకున్నాడు. అందులో మొదటి సగమే నిజమని నూకరాజు లోలోపల దిద్దుకున్నాడు. కింద నుంచి గోళ్ల చప్పుడు వినిపిస్తే పాదుల్లో నీళ్లు పెడుతూ కూనిరాగం తీసేవాడు.

పరీక్షనాడు నివాసంలోని నాలుగు వందల మందీ చేరారు. మొదటి స్థానం నూకరాజుదే. వేదాద్రి లేచి, అది తోట కాదని, తన మీద దాడి అని, మొదటి రోజు మాటలు వినిపించాలని పట్టుబట్టాడు. వనజ్ఞ వినిపించింది. నూకరాజు తల దించుకున్నాడు.

“తప్పు నాది” అంది వనజ్ఞ. “నేను ఉద్దేశం అడిగాను, ఆయన చోటు చెప్పారు. నేను చోటు వదిలేసి కక్ష విన్నాను. కక్ష్యలో మనం తిరుగుతాం, కక్ష మనల్ని తిప్పుతుంది. తేడా ఒక్క వత్తే. ఇకపై అడిగి రాసుకుంటాను. కానీ ఈ తోటలో ఒక్క కాయ వృథా కాలేదు. మార్కులు మార్చలేను.”

ఎవరూ నవ్వలేదు. పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. అధ్యక్షురాలు కామేశ్వరమ్మ గారు గొంతు సవరించుకుని, వత్తు లేని ఆ పాత పద్ధతిలో పెంచడానికి ఇంకా మడులేమైనా ఖాళీ ఉన్నాయా అని మెల్లగా ఆరా తీశారు.

అప్పటికే వరసలో ముందు నిలబడ్డవాడు వేదాద్రి.

“మీ తోట దేని కోసం?”

“కక్ష కోసం.”

“య వత్తుతోనా?”

“వత్తు లేకుండా” అన్నాడు వేదాద్రి మోచెయ్యి గోక్కుంటూ.

ఎవరి మీద అని వనజ్ఞ అడగనే లేదు.