బొట్టు పెట్టని పెట్టె

పొద్దున్నే కొత్త నీలం టబ్బులో మనవరాలి గౌన్లు జాడిస్తోంది గౌరీశ్వరి. ఇవాళ చంద్రిక పుట్టినరోజు. పిల్లకు వాళ్ల నాన్న గొంతు వినిపించాలని కోడలు జ్యోతిర్మయి ముందుగది తాళం తీసింది. ఆ గదిలో అడుగుపెట్టడానికి ఇన్నాళ్లూ ఆమెకు గుండె చాల్లేదు.

ఒక్కగానొక్క కొడుకు దేవీప్రసాద్‌ను పోయిన వేసవిలో గాజువాక రోడ్డు మీద లారీ పొట్టన పెట్టుకుంది. బతికుండగా ఆ గదిలోనే ఉక్కునగరం పిల్లలకు కంప్యూటర్ నేర్పేవాడు. లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే సబ్బుపెట్టెలంత బుల్లి యంత్రాలు, బెడ్‌ల్యాంపు పాటి కరెంటు కూడా తాగవని మురిసిపోయేవాడు. ఆయుధపూజ నాడు వాటన్నిటినీ ఆపి, తుడిచి, బొట్లు పెట్టేవాడు. తలుపు వెనక హోరుమంటూ ఉండే పెద్ద పెట్టె జోలికి మాత్రం పోయేవాడు కాదు. వాడు పోయాక గౌరీశ్వరి ఒక బుల్లి పెట్టెను దేవుడి గూట్లో పెట్టుకుంది. రోజూ దానికి బొట్టు పెట్టనిదే కాఫీ ముట్టదు.

"అత్తా! తలుపెనకాల పెద్ద పెట్టేదీ?"

"అదా? నువ్వు అచ్యుతాపురం డూటీకెల్లినప్పుడు పాతసామాన్లోడికిచ్చీసేనే. మన చంద్రిక గుంట తానానికని ఈ టబ్బిచ్చేడు."

జ్యోతిర్మయి నెత్తి కొట్టుకుంది. "ఫోన్లో ఉన్నవన్నీ అందులోకే ఎక్కించి, ఫోన్లోంచి తీసేసేవాడత్తా! పిల్లని జోకొట్టిన పాట కూడా అందులోనే ఉంది."

"బాబు పెట్టె నాకాడ బద్రంగా ఉందే!" గౌరీశ్వరి తడిచేతులతోనే పరిగెత్తి గూట్లోంచి తెచ్చింది.

"ఇందులో ఏటీ ఉండదత్తా! దీనికి అన్నీ దాచుకునే డిస్కే లేదు. ఆపగానే అన్నీ మర్చిపోద్ది. పొద్దున్న లేచి పెద్దదాన్నడిగి తెచ్చుకుంటేనే దీనికి బతుకు. ఖాళీ డబ్బాకి పూజలు సేత్తన్నావా ఇన్నాళ్లూ?"

"వోడు ఆ పెద్దదానికి బొట్టెట్టేవోడు కాదే... పనికిమాలిందనుకున్నాను."

"బొట్టెట్టాలంటే ఆపాలి కదా! పాతది, ఆపితే మళ్లీ లేస్తదో లేదోనని భయం ఆయనకి!"

అయ్యో, ఆ తల్లి మొహం ఆ క్షణాన చూడలేం. "అయితే నా కొడుకుని నాను రెండోసారి సంపీసేనా?" అంది.

కోపం ఆగక జ్యోతిర్మయి బుల్లి పెట్టెకు కరెంటు వైరూ, గదిలోని తెర వైరూ తగిలించింది. నమ్మకం లేకపోయినా చూడాలిగా. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల వరసొకటి పడింది. మళ్లీ అదే వరస, మళ్లీ అదే.

"ఏటే అది? ఏటడుగుతంది?"

"పెద్ద పెట్టెని వెతుకుతోంది. అది లేదని దీనికి తెలీదు."

"నానూ అంతేనే. సాయంత్రం బండి సప్పుడైతే ఇప్పటికీ గేటు కాడికి ఎల్తన్నాను."

జ్యోతిర్మయి కోపమంతా నీరైపోయింది. అత్తను కావలించుకుని భోరుమంది. ఏడుపులకు లేచిన చంద్రిక గుమ్మంలో నిలబడింది. "నాన్న పాటేదీ?"

జ్యోతిర్మయి కళ్లు తుడుచుకుంది.

"నువ్వు పాడత్తా. ఆయనకి నేర్పింది నువ్వే కదా."

గౌరీశ్వరి పిల్లను ఒళ్లోకి లాక్కుని, పాట అందుకుంది. చందమామ పల్లకి, పల్లకి మోసే బోయీలు. రెండో వరసకు రాగానే కోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కడ కాదత్తా. ఆయన అక్కడ తప్పు పాడేవాడు. పల్లకి బదులు లారీ అనేవాడు, పిల్ల నవ్వుతుందని."

ఆ మాట నోట రావడానికి చాలాసేపు పట్టింది. చివరికి గౌరీశ్వరి కళ్లు మూసుకుని, కొడుకు పాడినట్టే తప్పు పాడింది. చంద్రిక కిలకిలా నవ్వింది.