ఆపివేతకు కారణం

గౌరీశ్వరి కుర్చీలో కూర్చోగానే పోలికలు పట్టే సామ్యయంత్రం ఆమె కనుపాపను గుర్తుపట్టి, ఆ సాయంత్రపు వాటాకు ఎంపికైన జోకులను ఒక్కొక్కటిగా ముందుకు తోసింది. మొదటిది సుంకాల గొడవ మీద. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు చేతి కింద ఉన్న నాటి కరపత్రం. ఇక్కడ ఎవరి మీదా పడదు. తెరకు వదిలేసింది. రెండోది ఒక సెనేటరు పొట్ట మీద వ్యంగ్యచిత్రం. తానుండే తీరనగరంలో పొట్ట ఉన్న అధికారులు ఎవరెవరా అని మనసులో తిప్పుకుంది. అందరికీ ఉందని తేలింది. అందరి మీదా పడేది ఎవరి మీదా పడదన్నది కార్యాలయ సూత్రం కాబట్టి దాన్నీ వదిలేసింది.

ఆమె పని నవ్వించడం కాదు, నవ్వు ఎటు పోతుందో చూడడం. సమన్వయ పాలన వచ్చిన కొత్తలో స్థానిక హాస్యాన్ని మొత్తంగా నిలిపేశారు. జనం నవ్వడం మానేసి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది ఇంకా ప్రమాదమని తేలాక, పాలక మండలి అమెరికా రాజకీయ హాస్యాన్ని కరపత్రాల కాలం నుంచి తెరల కాలం దాకా టోకున తెప్పించింది. అంతకాలం పాలకులను వెక్కిరించినా అక్కడ ప్రభుత్వాలు నడిచాయి కదా అన్నది మండలి ధీమా. ఎక్కడో ఎప్పుడో పోయిన అధ్యక్షుడి మీద మనవాళ్లు నవ్వుకుంటే మనకేం నష్టం? అప్పటి నుంచి రోజూ సాయంత్రం వీధి తెరల మీద నవ్వు వాటా పడుతుంది. తెరల పక్కనున్న స్తంభాలు ఆ నవ్వును కొలిచి, అనుమతించిన గీత దాటిందేమో చూస్తాయి.

చిక్కంతా పాత జోకులు ఉన్నచోట ఉండకపోవడం వల్లే. ఇక్కడ ఏదైనా జరగగానే రెండు వందల ఏళ్ల కిందటి మాట నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. దాన్ని ముందే పసిగట్టి ఆపాలి. ఆపితే, ఇది ఫలానా వారిని పోలి ఉందని కారణం రాయాలి. పారదర్శకత నియమం ప్రకారం జోకు పడాల్సిన చోట ఆ కారణం, పరీక్షకురాలి మాటల్లోనే, తెర మీద పడుతుంది.

అందరి గొంతులోనూ వెలక్కాయ పడేది ఇక్కడే. పోలిక ఉందని రాసిన మనిషి, ఆ పోలికను ముందు తన బుర్రలో చూసినట్టే. దాని పేరు దురూహ. పోలిక లేదని వదిలేశాక వీధిలో నవ్వు గీత దాటితే, అది అలసత్వం. రెంటికీ శిక్ష ఒకటే. ఉద్యోగం, క్వార్టరు, క్వార్టరుకు వచ్చే నీటి గొట్టం అన్నీ పోతాయి. ఈ కుర్చీలో ఆమెకు ముందు కూర్చున్న చలపతి దురూహ కిందే పోయాడు. అతను ఖాళీ చేసిన క్వార్టరులోనే ఇప్పుడు ఆమె, ఆమె అక్క, అక్క పిల్లలు ఉంటున్నారు.

అందుకని కార్యాలయంలో ఒక పద్ధతి పడిపోయింది. ఆపాల్సింది ఏదైనా జోగినాయుడి పేరున రాసేయడం. జోగినాయుడు మునుపటి రహదారుల సమన్వయకర్త. పదవి పోయి, విచారణలో ఉన్నాడు. పడిపోయినవాడిని పోలి ఉందంటే కాదనేవాళ్లు ఎవరూ ఉండరు.

మూడో జోకు వచ్చింది.

అది ఒక పల్లెటూరి రైతు పత్రికకు రాసినట్టున్న ఉత్తరం. లోకం తెలియనివాడిలా నటిస్తూ రాసే రకం. అమెరికా నుంచి తెచ్చిన జోకుల నిల్వలో ఆ కాలపు వాటిని మధ్యపొర అంటారు. "మా అధ్యక్షుల వారు నదిని దొంగిలించారని గిట్టనివాళ్లు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆయన నది పక్కన కాస్త నేల కొన్నారు, అంతే. నీళ్లే తమంతట తాము ఆయన పొలంలోకి నడిచి వచ్చాయి. పిలవకుండా వచ్చిన చుట్టాన్ని పొమ్మనడం పాపం ఆయనకు చేతకాదు."

గౌరీశ్వరికి నవ్వు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. దిగువ పేటలకు రావలసిన మంచినీరు ఒత్తిడి తేడా వల్ల "తనంతట తానే" పాలనకంతటికీ పెద్ద అయిన మహా సమన్వయకర్త గారి ఎర్రకొండ తోటలోకి మళ్లిందని మండలి నిన్ననే ప్రకటించింది. యంత్రం మాత్రం ఈ ఉత్తరానికి సామ్యాంకం, అంటే పోలిక లెక్క, సున్నా అని చూపిస్తోంది.

ఆ సున్నాకే ఆమెకు భయం వేసింది. పొట్ట జోకుకు కూడా ఎంతో కొంత అంకె చూపించిన యంత్రానికి ఇది కనిపించలేదా, కనిపించనట్టు ఎవరైనా ఉంచారా? ఈ రోజే ఎందుకు వచ్చింది? నిఘా విభాగం పరీక్షకుల ముందు ఎర జోకులు వేస్తుందని చలపతి పోయాక అందరూ గుసగుసలాడుకున్నారు.

"ఏటమ్మా, అంతసేపు సూస్తన్నావు?" పక్క బల్ల నుంచి నూకరత్నం అడిగింది. ఆ గదిలో అందరికంటే పాత పరీక్షకురాలు ఆవిడే.

"ఏం లేదక్కా. రైతు ఉత్తరం."

"నీళ్లదా?"

గౌరీశ్వరి తల తిప్పి చూసింది. నీళ్ల మాట తను ఎత్తలేదు. "నీకెలా తెలుసు?"

"పొద్దున్న నా బల్ల మీదికే వొచ్చింది. కాసేపు సూసి నీకు తోసేసినాను. అలా సూడకు. నేనూ పిల్లలున్నదాన్నే."

"నేను మాత్రం ఒంటిదాన్నా?"

"అందుకే సెప్తన్నాను, జోగినాయుడికి రాసేయ్. ఆడికిప్పుడు కొత్తగా పోయేదేటి?"

"ఆయన రోడ్లు చూసేవాడు కదక్కా. నీళ్లకీ ఆయనకీ ఏం సంబంధం?"

"మొన్న ఓ సెనేటరు ఇద్దరు పెళ్లాల జోకు ఆడికే రాసినాను. ఆడికసలు పెళ్లే కానేదు."

ఇద్దరూ నవ్వబోయి, గది మూలనున్న నవ్వు స్తంభం గుర్తొచ్చి ఊరుకున్నారు. ఇంతలో పర్యవేక్షకుడు చిన్నంనాయుడు లోపలికి వచ్చి, సరిగ్గా ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. మామూలుగా ఆయన గుమ్మం దాటి రాడు.

"ఇంకా అవలేదేటి గౌరీ? విచారణ వాళ్లు జోగినాయుడి సామ్యాలు అడుగుతున్నారు. ఈ రోజుది కూడా కలిపి పంపాలి."

"మనం రాసినవా సార్? వాళ్లకెందుకు?"

"సాక్ష్యం కింద తీసుకుంటన్నారు. ఇన్ని నేరాల్ని పోలినవాడు నిర్దోషి ఎలాగవుతాడని వాళ్ల వాదన." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ నీళ్ల గొడవ కూడా అతనిదేనని తేలితే పైవాళ్లకి మనశ్శాంతి. రేపు తీర్పు. ఉప్పుదిబ్బలకి పంపేస్తారు, యావజ్జీవం. నీకెందుకది, నువ్వు రోజూ రాసేదే రాయి."

ఆయన వెళ్లిపోయాడు. సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో గౌరీశ్వరికి అప్పుడు అర్థమైంది. ఎర ఆమె కోసం కాదు. ఆమె అలవాటు కోసం. యంత్రం ఎవరినీ చూపించకపోతే, చెయ్యి దానంతటదే జోగినాయుడి పేరు రాస్తుంది. నీళ్లు ఎర్రకొండ మీదికి వెళ్తాయి, మనిషి ఉప్పుదిబ్బలకు వెళ్తాడు.

జోగినాయుడి మీద ఆమెకు ప్రేమేమీ లేదు. అతను వేయించిన రోడ్డు మీదే అక్క పడి కాలు విరగ్గొట్టుకుంది. అయినా చెయ్యి కదల్లేదు. ఉత్తరాన్ని వదిలేద్దామా అంటే, పేటల్లో నవ్వు గీత దాటుతుంది. అప్పుడు పోయేది తను.

ఆమె ఆ నిల్వను మొదటి పొర నుంచి చదివిన మనిషి. తొలి కరపత్రాల్లో రాసినవాడు దొంగపేరు వెనక దాక్కునేవాడు. మధ్యపొరలో పేరు బదులు వెర్రిబాగులవాడి వేషం. చివరి పొరకు వచ్చేసరికి దాపరికమే లేదు. ఒక మనిషి కోటు వేసుకుని, వార్తలు చదివేవాడిలా బల్ల ముందు కూర్చుని, పాలకుడు అన్న మాటను అన్నట్టే చదివి, ఊరికే చూస్తాడు. జనం నవ్వుతారు. పాలకుడి మాటకు సొంతంగా కలిపి చెప్పడం తగ్గుతూ వచ్చింది, అంతే. ఇంతకాలం ఆమె అది చదివిందే తప్ప, తన ఉద్యోగానికి అన్వయించుకోలేదు.

ఆపివేత గడి తెరిచి, తడుముకోకుండా రాసింది.

"ఈ జోకు మహా సమన్వయకర్త గారిని పోలి ఉంది. నీరు తనంతట తానే ఎర్రకొండ తోటలోకి వెళ్లిందని మండలి నిన్న ప్రకటించింది. జోకులో కూడా నీరు తనంతట తానే వెళ్లింది. కావున ఆపడమైనది."

సంతకానికి బొటనవేలు ఆనించేటప్పుడు అక్క ముఖం గుర్తొచ్చింది. ఆనించింది. యంత్రం దాన్ని అటూ ఇటూ పరీక్షించి తేల్చింది: హాస్యం లేదు, అధికారిక వాక్యం, ప్రదర్శనకు యోగ్యం.

సాయంత్రం వాటా పడింది. సుంకాలకు కొద్దిగా, పొట్టకు మరికాస్త నవ్వు నమోదైంది. తర్వాత ఆపివేత ప్రకటన. మామూలుగా దాన్ని ఎవరూ చదవరు. ఆ పూట ఖాళీ బిందెలతో నిలబడ్డవాళ్లకు చదవడం తప్ప వేరే పని లేదు. కింద వీధిలో ఎవరో గట్టిగా చదివారు. "ఆపేసిన జోకేటో గానీ..." అని ఒక ముసలాయన అన్నాడు, "దీనికన్నా బావుంటాదంటావా?" ఆపైన లేచిన నవ్వుకు మూడో అంతస్తు కిటికీ అద్దాలు కదిలాయి. స్తంభం మీద కొలత గీత దాటి, అంకెలు చాలక మెరవడం మొదలుపెట్టింది.

చిన్నంనాయుడు పరిగెత్తుకొచ్చాడు. "ఏటి చేశావు తల్లీ. తీసెయ్. ముందది తీసెయ్."

"నేను తీయలేను సార్. సంతకమైపోయింది. మీరు కారణం రాసి తీయొచ్చు."

ఆయన ఉపసంహరణ గడి తెరిచాడు. యంత్రం ఒకే ప్రశ్న అడిగింది: పరీక్షకురాలి ప్రకటన తప్పా? తప్పయితే పోలిక లేనట్టే, జోకు వెంటనే విడుదలవుతుంది. తప్పు కాకపోతే ప్రకటన అలాగే ఉంటుంది. చిన్నంనాయుడు దాన్ని రెండుసార్లు చదివాడు. చెమట తుడుచుకుని పక్క బల్ల వైపు తిరిగాడు.

"రత్నం, నువ్వొచ్చి నొక్కు. పాతదానివి, నీకు తెలుస్తాది."

నూకరత్నం కుర్చీలోంచి లేవలేదు. గౌరీశ్వరి వైపు ఒకసారి చూసింది. "నాకేటీ పోలిక కనపడ్డం నేదు సార్," అంది నెమ్మదిగా. "మీకు కనపడ్డాదేటి?"

చిన్నంనాయుడి వేలు తెర దగ్గర గాల్లో నిలిచిపోయింది. గౌరీశ్వరి క్వార్టరు తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాని వైపు చూడలేదు. కింద వీధిలో నవ్వు సద్దుమణిగింది. అంతా ఎవరి కోసమో చోటిచ్చినట్టు ఆగారు. ఒక ఆడగొంతు ప్రకటనను మళ్లీ మొదటి నుంచి చదవసాగింది, నిదానంగా, గౌరవంగా, ఏమాత్రం నవ్వకుండా.