కోడి వద్దన్న అబ్బాయి

గురే ఊరి సంతలో ఆకుకూరలమ్మే అమ్మాయికీ, కోడిపిల్లల్ని పుట్టించే మిషన్లమ్మే అబ్బాయికీ పక్కపక్కన చోటు దొరకడం ఎవరి తప్పూ కాదు. కానీ ఆ పూట బేరాలు పాడైంది మాత్రం అబ్బాయివే.

"రండమ్మా రండి! గుడ్లు పెట్టండి, స్విచ్ వెయ్యండి, పిల్లల్ని తీసుకోండి! ఇక కోడితో పనే లేదు!" అని అరుస్తున్నాడు తేగ్యు. మైకు మింగినవాడిలా ఉంది గొంతు.

ఒక ముసలావిడ మిషన్ అద్దం మీద ముక్కు ఆనించి లోపలికి చూస్తోంది. కొనేలాగే ఉంది. అప్పుడే పక్క గంపల వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"పుట్టాక వాటికి గింజలేరుకోవడం ఎవరు నేర్పుతారు? స్విచ్చా?"

ముసలావిడ పకపకా నవ్వి వెళ్ళిపోయింది. తేగ్యు తిరిగి చూశాడు. గంపల వెనక ఉన్సోల్ వంచిన తల ఎత్తకుండా ఆకుకూర కట్టలు కడుతోంది. నవ్వాపుకోవడానికి మాత్రం నానా తంటాలూ పడుతోంది.

"ఏమండీ, మీ ఆకుకూరలో పురుగులున్నాయని నేనన్నానా?"

"ఉంటేగా అనడానికి."

"నా మిషన్‌లో లోపమేంటో చెప్పండి మరి."

"మిషన్‌కేం, బంగారంలా ఉంది. రెక్కలే లేవు పాపం."

"మీరెప్పుడైనా మిషన్ వాడారా?"

"మీరెప్పుడైనా పొదుగు మీదున్న కోడిని చూశారా?"

తేగ్యు ఫారంలో మిషన్లతో వేలకొద్దీ పిల్లల్ని పుట్టించాడు గానీ, పుట్టి పెరిగింది ఇంచియోన్ నగరంలో ఒక అపార్ట్‌మెంట్లో. "లేదండీ. ఒక్కసారి కూడా చూడలేదు" అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పేసుకుంటాడని ఉన్సోల్ అనుకోలేదు. "అయితే మా ఇంటికొచ్చి చూడండి" అని నోరు జారింది. జారాక నాలుక కరుచుకుంది.

రెండ్రోజుల్లోనే, వాళ్ళ పుంజు గోడెక్కి కూసి వీధినంతా నిద్రలేపిన కాసేపటికే తేగ్యు దిగాడు, చంకలో ఒక మిషన్ పెట్టుకుని. ఉట్టి చేతులతో రావడం బాగుండదట. ఆ మిషన్‌ని ఉన్సోల్ తల్లికి అప్పగించి, ఉన్సోల్ వెంట కట్టెల పాకలోకి నడిచాడు. మూలన గడ్డి బుట్టలో ఎర్రపెట్ట ఒళ్ళంతా ఉబ్బించుకుని కూర్చుని ఉంది. వేలు చాపాడో లేదో, ఠక్కున పొడిచింది.

"అమ్మో! మిషన్ అయితే పొడవదండీ!"

"అందుకే మిషన్‌ని ఎవరూ ముద్దు చెయ్యరు" అంది ఉన్సోల్.

ఆ తర్వాత అతను ఏదో ఒక సాకుతో వస్తూనే ఉన్నాడు. పెట్ట రోజుకొక్కసారి దిగి నాలుగు నూకలు తిని, దుమ్ములో పొర్లి, పరుగున వెళ్ళి మళ్ళీ కూర్చుంటుందనీ, ముక్కుతో గుడ్లని ఒక్కొక్కటే తిప్పుకుంటుందనీ ఉన్సోల్ చెబుతుంటే గంటల తరబడి గొంతుక్కూర్చుని వినేవాడు. కోడిని చూడ్డానికి వచ్చినవాడు కోడి వైపు ఎంతసేపు చూశాడో ఆ కోడికే తెలియాలి.

తల్లి ఇదంతా గమనిస్తూనే ఉంది. ఒక సాయంత్రం ముల్లంగి తరుగుతూ తాపీగా అంది.

"ఆదివారం ఆ అబ్బాయిని భోజనానికి రమ్మను. ఎర్రపెట్టని కోస్తాను."

ఉన్సోల్ గుండె ఒక్కసారి ఎగిరి, అక్కడే ఆగిపోయింది. ఆ వైపు ఊళ్ళలో ఆడపిల్ల తల్లి తన చేత్తో పెట్టకోడిని కోసి ఒక కుర్రాడికి వండి పెట్టిందంటే, నువ్వే మా అల్లుడివని చెప్పినట్టే. అంతకు మించి మాటలేవీ అక్కర్లేదు.

"అమ్మా! అది పొదుగు మీదుంది."

"ఉంటే? గుడ్లు తీసి మిషన్‌లో పెడదాం. అబ్బాయి ఇచ్చింది ఊరికే పడుంది కదా."

"ఇంకోదాన్ని కొయ్యకూడదా?"

"మిగతా పెట్టలన్నీ నిన్నగాక మొన్నటి పిల్లలు. కాబోయే అల్లుడికి గుప్పెడు ఈకలు వండి పెట్టమంటావా? మీ నాన్న మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ ఊళ్ళోకల్లా పెద్ద పెట్టని కోసింది తెలుసా?" తల్లి కత్తి ఆపి కూతురి ముఖంలోకి చూసింది. "ఏం? నీకా అబ్బాయి ఇష్టం లేదా?"

దానికి ఏం చెప్పాలి? ఇష్టముంది. కోడి మీదా ఉంది. ఉన్సోల్ తల దించుకుంది. తల్లి దాన్ని సిగ్గు అనుకుంది.

ఆదివారం పొద్దుటినుంచీ జల్లు. తేగ్యు ఇస్త్రీ చొక్కాలో, తల చక్కగా దువ్వుకుని వచ్చాడు. పొయ్యి మీద కోడిని ఉడికించడానికి వెల్లుల్లి, ఎండు రేగుపళ్ళు వేసిన నీళ్ళు మరుగుతున్నాయి. తల్లి ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో గంప పట్టుకుని పాక వైపు నడిచింది.

"ఎక్కడికండీ అమ్మగారూ?"

"నీ కోసమే అబ్బాయీ. ఎర్రపెట్టని పట్టుకొస్తా."

తేగ్యు ఒక్క గెంతున వెళ్ళి పాక తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "వద్దండీ!"

"వద్దా?"

"అస్సలొద్దు. నాకా కోడి వద్దు. కప్పు నూడుల్స్ చాలు."

తల్లి ముఖం మాడిపోయింది. కత్తిని గంపలో పెట్టి గంపని నేల మీద పెట్టింది. "ఉన్సోల్, నీళ్ళు దింపెయ్యమ్మా. అబ్బాయికి మనింటి కోడి అక్కర్లేదట" అని లోపలికెళ్ళి తలుపు వేసేసుకుంది.

తేగ్యు తెల్లబోయి ఉన్సోల్ వైపు చూశాడు. ఆమె ముఖం తిప్పుకుంది. "మీ బస్సుకి టైమైంది" అంది.

అతను వానలోనే వెళ్ళిపోయాడు. కోడి బతికింది, సంతోషించాలి. కానీ ఉన్సోల్‌కి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమూ వచ్చింది. గొడుగు అందుకుని, దాన్ని తెరవడం కూడా మరిచి సందులో పడి పరుగెత్తింది.

"ఆగు! నువ్వు వద్దన్నది కోడినా, నన్నా?"

ఆమె నోట 'నువ్వు' వినడం అతనికి అదే మొదలు. "మిమ్మల్నా? మిమ్మల్ని వద్దని ఎవరన్నారు?"

"ఆడపిల్ల ఉన్నింట్లో కుర్రాడికి పెట్టని కోసి పెడితే ఏంటి అర్థం?"

"అల్లుడని..." అని, అక్కడే నిలబడిపోయాడు. "అయ్యబాబోయ్! ఎవరూ ఒక్క మాటైనా అనలేదు కదండీ! అతిథినని కోస్తున్నారనుకున్నా. నేనే భోజనం అయ్యాక అడుగుదామని వచ్చాను. ఇస్త్రీ చొక్కా అందుకే."

"ఏం అడుగుదామని?"

"మిమ్మల్ని ఇమ్మని."

ఉన్సోల్ ఒక అడుగు దగ్గరికి వేసింది. అతను చెప్పుకుపోయాడు. "మా ఫారంలో పిల్లలన్నీ బల్బు కింద చేరతాయి. కరెంటు పోతే ఒకటే ఏడుపు. వాటికి నేనేం సర్దిచెప్పను? ఇక్కడ మీ పాకలో కూర్చున్నాక, ఆ గుడ్లలో ఉన్నవాటికైనా తల్లి ఉండాలనిపించింది. దాన్ని తినేసి, పిల్లనివ్వండని ఏ నోటితో అడగను?"

వాన పెరిగింది. ఆమె ముఖం మీద ఏది వానో ఏది కన్నీరో తెలియడం లేదు.

"తడిసిపోతున్నావు" అంది మెల్లగా.

"గొడుగు మీ చేతిలోనే ఉందండీ."

ఇద్దరూ ఒకే గొడుగులో తిరిగొచ్చేసరికి తల్లి పాకలో ఉంది. పెట్టని పట్టడానికే వెళ్ళిందో, తిట్టడానికే వెళ్ళిందో, చేతి మీద ముక్కు గాటు పడి ఉంది. బుట్ట దగ్గరికి తల వంచి, మాట్లాడొద్దని సైగ చేసింది.

గుడ్డులోంచి సన్నగా కీచుమని వినిపించింది. పెట్ట గొంతు బాగా తగ్గించి కుర్రుమని బదులిచ్చింది. మళ్ళీ కీచు, మళ్ళీ కుర్రు. తేగ్యు బుట్ట దగ్గరికి ఇంకాస్త వంగాడు. ఇన్నేళ్ళలో అతను ఇది వినలేదు. మిషన్ ఫ్యాన్ హోరులో ఇలాంటివి వినబడవు.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేనూ ఇలాగే మాట్లాడేదాన్ని" అంది తల్లి, కూతురి వైపు చూడకుండా. "మీ నాన్న నవ్వేవాడు. నువ్వు పలికేదానివని చెప్పినా నమ్మేవాడు కాదు."

తేగ్యు ఆ మట్టినేల మీదే మోకరిల్లి నుదురు ఆనించాడు. ఇస్త్రీ చొక్కా పనైపోయింది.

"అత్తయ్యగారూ! కోడిని వద్దన్నాను గానీ మీ అమ్మాయిని వద్దనలేదు. నాకు ఆమే కావాలి."

తల్లి ముంజేత్తో కళ్ళొత్తుకుంది. "లే అల్లుడూ, లే. అదంతా సరే గానీ, కోడి కోయకుండానే పిల్లనిచ్చిందని ఊరు నవ్వదూ?" అంటూ గంపలోని కత్తి తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. వాన వెలిసిన పెరడంతా కలయజూసింది. ఆమె చూపు గోడ మీద తోక ఆరబెట్టుకుంటున్న పుంజు దగ్గర ఆగింది.

"గుడ్లు పెట్టదు, పొదగదు. దానికేం పనుంది?" అంది.

మర్నాడు ఆ వీధి వీధంతా పొద్దెక్కేదాకా పడుకుంది. అందరికంటే ముందు పక్కింటావిడే ఉలిక్కిపడి లేచింది. కిటికీలోంచి ఎండని చూసి, ఒక క్షణం చెవులు రిక్కించి విని, మొగుణ్ణి తట్టి లేపింది.

"లేవండి! వీళ్ళ పుంజు కూయలేదు. ఉన్సోల్‌కి సంబంధం కుదిరింది!"